గీజర్ లొల్లి మీద తాత తీర్పు

వరంగల్

చిట్టికీ, పెద్దోడికీ తాత ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, పొద్దున లేస్తే గీజర్ దగ్గర మీ ఇద్దరికీ లొల్లే అని చెప్పింది. చిట్టేమో రాత్రే స్నానం చేసి పడుకుంటానంటుంది. పెద్దోడేమో రాత్రి స్నానం బద్ధకస్తుల పని అంటాడు. మీ అమ్మమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని, "రాత్రి తానమేంది, జలుబు జేస్తది" అని పెద్దోడి వైపు తీర్పు ఇచ్చేసింది. నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. ఫోన్‌లో అయితే సగంలోనే "సరే తాతా" అని పెట్టేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంలో, నేను ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశానని మీకు తెలుసు. స్నానం పొద్దున చెయ్యాలా రాత్రి చెయ్యాలా అనే అనుమానం అక్కడ ఎవరికీ రాదు. మిర్చి సీజన్లో, అంటే సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, యార్డంతా ఎర్రగా ఉంటుంది. బస్తా మూతి విప్పి కుప్ప పోయగానే ఘాటు లేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు గేటు దగ్గరే తుమ్ముతారు. హమాలీలు మూతికి తువ్వాల కట్టుకుని బస్తాలు మోస్తారు. నేను మోసింది లెక్కల పుస్తకమే అయినా, సాయంత్రానికి మెడ మీద, చెవుల వెనక, మోచేతి వంపులో చుర్రుమనేది. చపాటా కాయ ఎక్కువ వచ్చిన రోజు కొంత నయం. అది మన వరంగల్ వైపు పండే లావుపాటి కాయ, రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. ఈమధ్య దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బాగా ఘాటైన తేజ రకం వచ్చిన రోజు మాత్రం ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవాలన్నా భయమే.

పనిలో చేరిన మొదటి వారంలో ఒక తప్పు చేశాను. ఒళ్లు నొప్పులు తగ్గుతాయని ఇంటికి రాగానే మా అమ్మతో ఉడుకునీళ్లు పెట్టించుకున్నాను. రెండు చెంబులు పోసుకున్నానో లేదో, పెరట్లో బండ మీద గంతులే గంతులు. మా అమ్మ నాకు పూనకం వచ్చిందనుకుంది. మర్నాడు యార్డులో చెప్తే ఒక ముసలి హమాలీ కడుపుబ్బ నవ్వి, "ముందుగాల నూనె రాస్కో, ఆనక సబ్బు వెట్టు, ఆఖరుకు సల్లనీళ్లు వోస్కో" అన్నాడు. అలాగే చేశాను, మంట దిగింది. ఎందుకు దిగిందని అడిగితే ఆయన నవ్వాడంతే.

కారణం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మిరపకాయలో కారాన్నిచ్చే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనె, తర్వాత ఆ నూనెను వదిలించే సబ్బు. ఇక ఉడుకునీళ్ల సంగతి. మన చర్మం కింద నరాల కొసల మీద వేడిని పసిగట్టే చిన్న ద్వారాల్లాంటివి ఉంటాయి. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతాయి. కారం తగిలినా తెరుచుకునేవి అవే. మిర్చి దుమ్ము పడ్డ చర్మం మీద అంత వేడి కూడా అక్కర్లేదు, మామూలు వెచ్చటి నీళ్లకే అవి గగ్గోలు పెడతాయి. ఈ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆయన కూడా వెతకడానికి వాడింది ఈ మిరప కారాన్నే. పేపర్లో చదివిన రోజు మా ముసలి హమాలీ గుర్తొచ్చాడు.

మా నాయనది ఇంకో కథ. ఆయన ఆజంజాహి మిల్లులో కార్మికుడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు అది, ఇప్పుడు లేదు. ఆయన స్నానం టైము మిల్లు షిఫ్టును బట్టి మారేది. రాత్రి షిఫ్టు అయితే తెల్లారి వచ్చి స్నానం చేసి పడుకునేవాడు, పగలు షిఫ్టు అయితే దీపాలు పెట్టే వేళకు. జుట్టులో, కనుబొమల్లో దూది నూగు ఇరుక్కుని ఉండేది. నూగుతో పక్క ఎక్కితే అమ్మ ఊరుకునేది కాదు. భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేసే మా పెద్దమ్మ కొడుకుదీ ఇదే లెక్క. వాళ్లను పట్టుకుని "పొద్దున స్నానం మంచిదా, రాత్రి స్నానం మంచిదా" అని అడిగితే నీకేమైనా పిచ్చా అన్నట్టు చూసేవాళ్లు.

అసలు మన పెద్దవాళ్లు గడియారం చూసి స్నానం చేశారని ఎవరు చెప్పారు? కటింగ్ చేయించుకొస్తే గడపలో కూర్చోనివ్వరు, నేరుగా బాత్రూంలోకే. చావుకు పోయొస్తే ఏ వేళైనా స్నానమే. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర అర్ధరాత్రి దాటాక కూడా జనం మునుగుతూనే ఉంటారు. మీ అమ్మమ్మ పొద్దున స్నానం చెయ్యందే పొయ్యి ముట్టదు, దేవుడి దీపం పెట్టదు. అది ఆమె పద్ధతి, నలభై ఏళ్లుగా చూస్తున్నాను, దాన్ని నేను కాదనను. కానీ పెద్దోడా, నువ్వు దీపమూ పెట్టవు, పొయ్యీ ముట్టించవు. ఆమె కారణాన్ని నువ్వు అరువు తెచ్చుకోకు.

ఇప్పుడు చిట్టి వైపు వాదన చెప్తాను. మన ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదు. సాయంత్రం ఎక్కువగా ఉండి, రాత్రి నెమ్మదిగా తగ్గుతూ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. ఆ దిగడం మొదలైతేనే నిద్ర ముంచుకొస్తుంది. గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటే అరచేతుల్లో, అరికాళ్లలో రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుంది. అంటే వేడినీళ్ల స్నానం ఒంటిని చివరకు చల్లబరుస్తుందన్నమాట. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ నిజం. 2019లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు జరిగిన అధ్యయనాలను జల్లెడ పట్టి ఒక లెక్క తేల్చారు. పడుకోవడానికి గంట రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో స్నానం చేస్తే, నిద్ర సుమారు పది నిమిషాలు ముందుగా పడుతుందట. ముందు అన్నారు, గమనించండి. స్నానం చేసి వెంటనే మంచమెక్కితే ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంటుంది. థర్మామీటర్ ఏమీ అవసరం లేదు, నీళ్లు మోచేతికి వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు.

చన్నీళ్లది దీనికి సరిగ్గా ఎదురు గుణం. మీద పడగానే ఊపిరి ఎగబీలుస్తాం, గుండె వేగం పెరుగుతుంది, నిద్ర మత్తు ఎగిరిపోతుంది. పొద్దున ఆరున్నరకు ట్యూషన్లో కూర్చుని కునికిపాట్లు పడే పెద్దోడికి అది పనికొస్తుంది, ఒప్పుకుంటాను. నా వయసువాళ్లకూ, గుండె జబ్బు ఉన్నవాళ్లకూ మాత్రం చలికాలం పొద్దున నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకునే శూరత్వం వద్దు.

జలుబు సంగతి. ఈ పేరా మీ అమ్మమ్మకు చదివి వినిపించకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పక్కవాడి తుమ్ము నుంచో, వాడు ముట్టుకున్న తలుపు గడియ నుంచో అంటుకుంటుంది. రాత్రి స్నానం జలుబును పుట్టించలేదు. అయితే రాత్రి తలస్నానం చేసి, తడిజుట్టుతో దిండు మీద పడుకోవడం నాకూ నచ్చదు. తడిసిన వెంట్రుక మెత్తబడి తొందరగా తెగుతుంది, దిండు తేమగా ఉండిపోయి వాసన పడుతుంది. కాబట్టి చిట్టీ, తలస్నానం ఆదివారం పొద్దున పెట్టుకో. మిగతా రోజులు జుట్టు ముడేసి ఒంటికి పోసుకో.

ఇంకొకటి, ఇది పెద్దోడి కోసం. చెమటకు దానంతట దానికి వాసన ఉండదు. చర్మం మీదుండే సూక్ష్మజీవులు దాన్ని తిని వదిలేదే వాసన. చంకల్లో ఉండే ఒక రకం చెమట గ్రంథులు నీ వయసులోనే పని మొదలుపెడతాయి. ఐదో తరగతిలో క్రికెట్ ఆడొచ్చి పడుకున్నట్టు ఇప్పుడు పడుకుంటే కుదరదు. గ్రౌండులో మట్టి, చెమట అంతా దుప్పటికి పూసి, పొద్దున లేచి శుభ్రంగా స్నానం చేసి, రాత్రి మళ్లీ ఆ దుప్పట్లోనే దూరడం ఏం లెక్క? మీ అమ్మ నాతో చెప్పిన అసలు బాధ ఇదే. నీతో చెప్పడానికి మొహమాటపడింది.

నీళ్లకూ ఒక టైము ఉంటుంది. మా పాత ఇంట్లో చేదబావి ఉండేది. చలికాలం తెల్లవారుజామున బొక్కెన పైకి లాగితే నీళ్ల మీద ఆవిరి లేచేది, ఎండాకాలం అవే నీళ్లు చల్లగా తగిలేవి. బావి ఏమీ మారేది కాదు. భూమి లోపల కొంత లోతుకు వెళ్తే వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది, పైన గాలే మారుతుంది. ఇప్పుడు ఆ నీళ్లను తోడి డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో ఎండబెడుతున్నాం. మే నెలలో వరంగల్‌లో సాయంత్రం ఆరింటికి నల్లా తిప్పితే చేతులు కాల్తాయి. అప్పుడు గీజర్ కాదు, ఐస్ కావాలి. మేమైతే పొద్దున్నే రెండు బకెట్లు పట్టి బాత్రూంలో మూత పెట్టి ఉంచుతాం, సాయంత్రానికి అవే దిక్కు. మా చిన్నప్పుడు చలికాలంలో రాత్రి వేన్నీళ్లు సులువుగా దొరికేవి. వంట అయ్యాక కట్టెల పొయ్యిలో నిప్పులు మిగిలేవి, వాటి మీద కాగు పెట్టేవాళ్లు. మనిషికి ఒక్క బొక్కెన, అంతే.

మీ గీజర్ పదిహేను లీటర్లదని మీ నాన్న చెప్పాడు. అలాంటివి ఎక్కువగా రెండువేల వాట్లవి. చలికాలంలో ఆ నీళ్లు బాగా వేడెక్కడానికి పావుగంట పడుతుంది. ఒకరు షవర్ కింద నిలబడి ఖాళీ చేస్తే రెండోవాళ్లు మళ్లీ పావుగంట కాచుకోవాలి. మీ లొల్లికి మూలం అదే, ఇందులో బద్ధకమూ లేదు, క్రమశిక్షణా లేదు. ఒక బకెట్ నీళ్లు స్నానానికి సరిపడా వెచ్చబడాలంటే సుమారు అర యూనిట్ కరెంటు. పది నిమిషాలు షవర్ తిప్పితే నాలుగైదు బకెట్లు పోతాయి, అవన్నీ వెచ్చబడాలంటే రెండు యూనిట్ల పైనే. బకెట్టూ మగ్గూ వాడితే మీరు ముసలోళ్లయిపోరు.

అందుకని నా తీర్పు ఇది. చిట్టి రాత్రి ఎనిమిదిన్నరకు, తిన్నాక కాదు, తినే ముందు. పొట్ట నిండా తిని వేన్నీళ్లు పోసుకుంటే ఒళ్లు బరువుగా ఉంటుంది. పెద్దోడు ఆట నుంచి వచ్చిన రోజు సాయంత్రమే ఒళ్లంతా సబ్బు పెట్టి రుద్దుకోవాలి. పొద్దున కావాలంటే చన్నీళ్లు రెండు చెంబులు పోసుకో, సబ్బు వద్దు. చలికాలంలో రెండు పూటలా సబ్బూ వేన్నీళ్లూ వాడితే చర్మం మీది సహజమైన నూనె పోయి కాళ్లు తెల్లగా పొలుసులు లేస్తాయి. తుడుచుకున్న వెంటనే, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె రాసుకోండి. పొద్దున మిగిలే వేన్నీళ్లు మీ అమ్మవి. ఇద్దరి పోట్లాటలో ఆమె రోజూ చన్నీళ్లతో ఆఫీసుకు పోతోందని మీకు తెలుసా? ఆమె చెప్పలేదు, నేనే గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది.

సంక్రాంతి సెలవులకు ఇక్కడికి వస్తారుగా. మా ఇంట్లో గీజర్ లేదు, బకెట్లో పెట్టే హీటర్ రాడ్ ఉంది. నీళ్లు కాగాయో లేదో చూడటానికి వేలు పెట్టే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకాలి. ఇనుప బకెట్లో రాడ్ పెట్టొద్దు. మీరు చేయొద్దు, నన్ను పిలవండి. ఇక మొదటి బకెట్ ఎవరిదని ఇక్కడ లొల్లి అవసరం లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే అది మీ అమ్మమ్మది.

మీ తాత