నెమ్మదిగా పెరిగే ముఖమే నిలుస్తుంది

స్ట్రాన్షియం టైటనేట్ పొడిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే ఒక నమూనాలో ఆరు ముఖాల బుల్లి ఘనాలు కనిపిస్తాయి. మరొక నమూనాలో ఆ ఘనాల అంచులు చెక్కేసినట్టుంటాయి, ముఖాలు పద్దెనిమిది. రెండింటిలోనూ అవే పరమాణువులు, లోపలి అమరికా అదే. కానీ అతినీలలోహిత కాంతి పడినప్పుడు రెండూ ఒకేలా పనిచేయవు.

స్ట్రాన్షియం టైటనేట్ అంటే స్ట్రాన్షియం, టైటానియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం; ఒకే తరహా పరమాణు అమరిక ఉన్న పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాల కుటుంబంలోని ఆక్సైడ్. 1839లో ఉరల్ పర్వతాల ఖనిజంలో గుస్తావ్ రోజ్ గుర్తించిన కాల్షియం టైటనేట్ ఆ కుటుంబానికి పెద్ద.

పొడులను కలిపి వెయ్యి డిగ్రీలకు పైగా కాలిస్తే సాధారణంగా ఆకారం లేని గడ్డలే వస్తాయి. మూసిన పాత్రలో వేడినీటిలోనే స్ఫటికాలు పెంచే హైడ్రోథర్మల్ పద్ధతిలో అంత వేడి అక్కర్లేదు. టైటానియం డయాక్సైడ్, స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్, గాఢ క్షారం కలిపిన నీటిని టెఫ్లాన్ గిన్నెలో పోసి, ఆవిరి బయటికి పోనివ్వని స్టీలు పాత్రలో (ఆటోక్లేవ్) బిగించి, దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. లోపల ఆవిరి పీడనం మామూలు గాలి పీడనానికి సుమారు పది రెట్లకు చేరుతుంది. టైటానియం కొద్దికొద్దిగా కరిగి, స్ట్రాన్షియంతో కలిసి స్ఫటికంగా పేరుకుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరితే స్ట్రాన్షియం కార్బొనేట్ కూడా ఏర్పడుతుంది. అందుకే చివర్లో పలుచని ఆమ్లంతో కడుగుతారు.

ఆకారం విషయంలో నన్ను ఇప్పటికీ అబ్బురపరిచే సూత్రం ఒకటుంది: వేగంగా పెరిగే ముఖం తనను తానే చెరిపేసుకుంటుంది. అది ముందుకు దూసుకుపోయేకొద్దీ కుంచించుకుపోతుంది, పక్కనున్న నిదానపు ముఖాలు విస్తరించి స్ఫటికమంతా ఆక్రమిస్తాయి. స్ట్రాన్షియం టైటనేట్‌లో అతి నిదానమైనవి ఘనపు ముఖాలు, కాబట్టి మామూలుగా ఘనమే వస్తుంది. ద్రావణంలో ఒకటి కంటే ఎక్కువ హైడ్రాక్సిల్ గుంపులున్న ఆల్కహాల్‌ను కలిపితే, దాని అణువులు అంచు దిక్కు ముఖాలకు అంటుకుని వాటి పెరుగుదలను అడ్డుకుంటాయి. నెమ్మదించాయి గనుక అవీ మిగులుతాయి.

ఆ అదనపు ముఖాల విలువ చైనాలోని దాలియన్ పరిశోధకుల 2016 నాటి పనిలో స్పష్టమైంది. పద్దెనిమిది ముఖాల స్ఫటికంలో కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు ఘనపు ముఖాలకు, ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు, అంటే ధనావేశ రంధ్రాలు, అంచు ముఖాలకు చేరాయి. అలా విడిపోతే అవి మళ్లీ కలిసి వృథా అయ్యే అవకాశం తగ్గి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే పనికి అందుతాయి. 2020లో జపాన్ బృందం ఇదే ముఖాల భేదాన్ని వాడుకుని, ఉత్ప్రేరకాలను తగిన ముఖాలపైనే నిలిపి, 350–360 నానోమీటర్ల కాంతిలో 96 శాతం వరకు క్వాంటమ్ సామర్థ్యం (పడిన కాంతి కణాల్లో పనికి అందినవాటి వాటా) సాధించింది. ఆ స్ఫటికాలు నీటిలో కాక, వేడికి కరిగి ద్రవమైన లవణంలో పెరిగినవి.

అయితే ఈ పదార్థం దృశ్యకాంతిని పీల్చుకోదు, సూర్యకాంతిలో అతినీలలోహితం వాటా చాలా తక్కువ. 2021లో వంద చదరపు మీటర్ల ఫలకాలతో ఆరుబయట చేసిన ప్రయోగంలో సౌరశక్తి హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే. దృశ్యకాంతిని పట్టే ఆక్సైడ్లకు ఇంత చక్కని ముఖాలు తీర్చడమే ఇప్పుడు మిగిలిన కష్టమైన పని.