సీసా ఖాళీ చేసి ఇవ్వొద్దు, ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దగ్గరపడే కొద్దీ నాకో ఫోను తప్పదు. "మేడమ్, బాత్రూంలోంచి ఘాటు కొడుతోంది, కళ్ళు మండిపోతున్నాయి. డ్రైనేజీలో ఏదో తేడా వచ్చింది, మనిషిని పంపించండి." వెళ్ళి చూస్తే డ్రైనేజీ బాగానే ఉంటుంది. పండక్కి బూజులు దులుపుతూ, సింకు కింద పేరుకున్న సీసాల్లో మిగిలిందంతా ఒక్కసారే బాత్రూం తూములో ఒంపేసి ఉంటారు. వార్డు శానిటేషన్ సెక్రటరీగా ఐదేళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

అపోహ: సీసా ఖాళీ చేసి, కడిగి ఇస్తేనే చెత్తబండి వాళ్ళు తీసుకుంటారు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇమ్మని గడపగడపకీ తిరిగి చెప్పింది మేమే. అది పొడిచెత్త సంగతి. టాయిలెట్ క్లీనర్, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, పురుగుమందు, థిన్నర్ అలా కాదు. వాటిని మిగిలింది మిగిలినట్టే, వచ్చిన సీసాలోనే, మూత బిగించి, లేబుల్ చింపకుండా ఇవ్వాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఇంటి హానికర చెత్తని విడిగా ఉంచాలని చెప్పారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పట్టణాల్లో మూడు రంగుల డబ్బాలు పంచినప్పుడు ఎరుపుది ఇచ్చింది దీనికోసమే.

ఒంపేస్తే ఏమవుతుందో వినండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. రెండూ కలిస్తే అక్కడికక్కడే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి తేలిపోదు, నేలని పట్టుకుని ఉంటుంది. మన బాత్రూంలు ఎంతుంటాయి? మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి, పైన ఒక చిన్న వెంటిలేటరు. గొంతుక్కూర్చుని రుద్దే మనిషి ముఖం సరిగ్గా ఆ గ్యాసులోనే ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంట్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ, ఇంట్లో పనిచేసే ఆమెకి సీసాలన్నీ పారబోసి కడిగేయమని చెప్పారు. గడ్డకట్టిన బ్లీచింగ్ పోసింది, దాని మీదే యాసిడ్ ఒంపింది. నేను వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని ఆగకుండా దగ్గుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దగ్గు మధ్యలో ఒకటే అడిగింది: "ఖాళీ సీసాలే కదమ్మా మీవాళ్ళు తీసుకునేది?" నాకు జవాబు రాలేదు. సాయంత్రానికి దగ్గు తగ్గిందని ఇంటికి పోతానంది. డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చట. అన్నట్టే ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. కోలుకుంది, కానీ ఆ నాలుగు రోజుల కూలి ఆమెకి ఎవరిస్తారు?

అందుకే, ఘాటు తగలగానే ఉన్నపళంగా బయటికి రండి. నీళ్ళు కొడదామని మళ్ళీ లోపలికి వెళ్ళకండి. దగ్గు తగ్గినా సరే డాక్టరుకి చూపించుకోండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

బ్లీచింగ్ నీళ్ళలో నిమ్మరసం పిండితే వాసన విరిగిపోతుందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. దయచేసి ఆపండి. నిమ్మరసమూ పులుపే, వెనిగరూ పులుపే. బ్లీచింగ్‌లో ఏ పులుపు పడినా క్లోరిన్ వస్తుంది. ఎరుపు డబ్బాలో కూడా బ్లీచింగ్ సంచీ, యాసిడ్ సీసా పక్కపక్కన పెట్టకండి. వేర్వేరుగా ఇవ్వండి.

అపోహ: పురుగుమందు డబ్బా బాగా కడిగితే నూనెకో నీళ్ళకో వాడుకోవచ్చు.

వద్దు. 2013 జులైలో బిహార్‌లోని గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. మందు పూర్తిగా అయిపోయిన డబ్బా అయితే, స్ప్రే డబ్బా కాకపోతే, అడుగున చిల్లు పొడిచి ఇవ్వండి, ఇంకెవరూ ఎత్తుకెళ్ళి వాడరు.

అపోహ: భోగిమంటలో వేస్తే పీడా పోతుంది.

స్ప్రే డబ్బా పేలుతుంది, బ్యాటరీ పేలుతుంది, పెయింటు పొగ పిల్లల ఊపిరిలోకి పోతుంది. పిడకలు, కట్టెలు చాలు.

ఇన్సులిన్ సూదులు మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకి టేపు చుట్టండి. కవర్లో వదిలేస్తే మా కార్మికుల వేళ్ళలో దిగుతున్నాయి.

సీఎఫ్ఎల్ బల్బు పగిలిందని అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసిన గర్భిణి ఉంది. భయపడకమ్మా అన్నాను. ఒక బల్బులో ఉండే పాదరసం కొద్ది మిల్లీగ్రాములే. కిటికీలు తీసి, పావుగంట బయట ఉండి, తర్వాత ఇంకెవరిచేతనైనా చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తించి, తడి కాగితంతో తుడిపించి, అన్నీ గట్టి మూత ఉన్న సీసాలో వేస్తే సరిపోతుంది.

"నిన్నే ఒకటి పోసేశాం మేడమ్, ఇప్పుడెలా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఒక్కటే పోసి, అది నీళ్ళతో కొట్టుకుపోయి, ఘాటు ఏమీ లేకపోతే కంగారు పడకండి. దాని మీద రెండోది మాత్రం పోయకండి. ఆ రెండో సీసా పిల్లలకి అందని చోట పెట్టి, పొద్దున బండి వచ్చినప్పుడు "ఇది యాసిడ్ బాబూ" అని నోటితో చెప్పి చేతికివ్వండి.