నోరు మూతపడని కొంగ

బందరు కాలువ గట్టున ఉదయం నడకకు వెళ్లే ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది: "గుర్రపుడెక్క పక్కన బూడిదరంగు కొంగ ఒకటి నిలబడి ఉంది. ముక్కు మూసుకునే ఉన్నా మధ్యలోంచి ఆకాశం కనిపిస్తోంది. ఎవరైనా రాయి పెట్టి కొట్టారా, లేక ఏదైనా జబ్బా?"

రెండూ కాదు. అది నత్తగుల్ల కొంగ. పెద్దయ్యాక దాని ముక్కు అలాగే ఉంటుంది.

ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో విజయవాడ వాళ్లు పక్షుల కోసం కొల్లేరు దాకా పోనక్కర్లేదు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి. గుంటూరు వాళ్లకు ఉప్పలపాడు చెరువు ఉండనే ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, వీటన్నిటి గురించి ఎవరైనా చెబుతారు. నాకు మాత్రం ఈ మూతపడని ముక్కు దగ్గరే చూపు ఆగిపోతుంది.

ముందుగా ఒక మాట. ఈ కొంగ సైబీరియా నుంచి వస్తుందని మనవాళ్లు చాలా ధీమాగా చెబుతారు. పెద్ద పక్షి ఏది గుంపుగా దిగినా మనకు సైబీరియా పక్షే! నత్తగుల్ల కొంగ దక్షిణ, ఆగ్నేయ ఆసియాల పక్షి. నీళ్లను వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు తిరుగుతుంది, అంతే. కొంగలు గూడు కడితే ఊరికి పంటలు పండుతాయన్న నమ్మకం కూడా ఉంది. అందులో నిజం లేకపోలేదు, కాకపోతే వరస తిరగబడింది. నీళ్లుంటే నత్తలుంటాయి, నత్తలుంటే గూళ్లు పడతాయి. బాగా కరువు వచ్చిన ఏడాది ఇవి గుడ్లు పెట్టడమే మానుకోవచ్చు. దక్షిణాదిలో వీటి గూళ్ల కాలం నవంబరు నుంచి మార్చి వరకు. అప్పుడు ఒళ్లు తెల్లబడుతుంది. మిగతా రోజుల్లో పొగచూరిన రంగు.

ఇక ముక్కు సంగతి. చూడగానే ఎవరికైనా అడకత్తెరే గుర్తొస్తుంది. నత్తను సందులో పెట్టి పోకచెక్కలా నొక్కితే గుల్ల పగలాలి కదా! జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్లీ కూడా 1960లో ఇంచుమించు ఇదే అన్నాడు. ముక్కు అంచులు గరుకుగా ఉండటం ఆ నొక్కుడు వల్ల వచ్చిన అరుగుదలే అనుకున్నాడు. వినడానికి ఎంతో బాగుంది, కానీ తప్పు. అడకత్తెరలో పడ్డది ముక్కలు కావాలి. ఈ కొంగ తిని వదిలేసిన పెద్ద గుల్లలు చాలావరకు పగలకుండా దొరుకుతాయి. పైగా పిల్లకొంగల ముక్కులో సందే ఉండదు. అది వయసుతో పాటు ఏర్పడుతుంది. అయినా సందు లేని పిల్లలు కూడా నత్తల్ని తింటాయి. అడకత్తెర వాదానికి అక్కడితో నూకలు చెల్లాయి.

మరి ఎలా తింటుంది? ఇది తేలడానికి చాలా కాలం పట్టింది. కారణం చిన్నదే. పని అంతా నీళ్ల అడుగున, బురదలో జరుగుతుంది. కొంగ తల ముంచి, ముక్కు కొసలు కాస్త తెరిచి, నిట్టనిలువుగా టకటకా పొడుస్తుంది. నత్త తగిలిందా, పై ముక్కుతో గుల్లను నేలకు అదిమి పట్టి, కత్తిలా సన్నగా ఉన్న కింది ముక్కు కొసను గుల్ల నోటికి ఉండే మూత పక్క నుంచి లోపలికి దూరుస్తుంది. నత్త ఒళ్లంతా గుల్ల లోపలి స్తంభానికి ఒకే ఒక కండరంతో అంటుకుని ఉంటుంది. ఆ ఒక్క కండరం తెగితే గుల్లకూ నత్తకూ బంధం తీరిపోయినట్టే, మాంసం మొత్తం ఊడి వస్తుంది. కొంగల మీద పరిశోధన చేసిన ఫిలిప్ కాల్ 1971లో ప్రచురించిన పరిశీలనలతో ఈ పద్ధతి స్పష్టమైంది. దీనికి కంటిచూపు కూడా అక్కర్లేదు. కళ్లకు గంతలు కట్టినా ఈ కొంగ నత్తను తీయగలదని పందొమ్మిదో శతాబ్దంలోనే పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ రాశాడు. మన కలివికోడికి ఇంగ్లిషులో పేరు వచ్చింది ఆయన మీదుగానే.

అయితే సందు ఎందుకు? తిన్నని పటకారుతో గుండ్రని నున్నని వస్తువును పట్టి చూడండి. తెరిచినప్పుడు రెండు కొసలూ ఏటవాలుగా ముందుకు చూస్తాయి, నొక్కేకొద్దీ వస్తువు ముందుకు జారుతుంది. అదే పటకారు చేతులు మధ్యలో బయటికి వంగి ఉంటే, తెరిచినా కొసలు ఒకదానికొకటి ఎదురెదురుగా నిలుస్తాయి. అప్పుడు బలం జారుడుకు కాకుండా నొక్కుడుకే పోతుంది. అంటే సందు పనిముట్టు కాదు, కొసలు సరైన కోణంలో దిగడానికి పడిన వంపు వల్ల మిగిలిన ఖాళీ. హక్స్లీ అరుగుదల అనుకున్న గరుకు అంచులు జారే గుల్ల మీద పట్టు కోసమని ఇప్పుడు చెబుతున్నారు. ఇవి వివరణలే, అయినా నాకు నచ్చాయి.

అసలు తమాషా ఇంకొకటి ఉంది. చాలా నత్తగుల్ల కొంగలకు కింది ముక్కు కొస సూటిగా ఉండదు, కుడివైపుకు తిరిగి ఉంటుంది. పంటబోదె గట్టున దొరికే పెద్ద నత్తగుల్ల ఒకటి తీసుకుని, మొన పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడిపక్కనే ఉంటుంది. మన చేలల్లోని ఈ నత్తలు కుడిచుట్టువి. సూటి కత్తి లోపలికి పోతే మలుపు దగ్గర గోడకు తగిలి ఆగుతుంది. ఒకవైపు తిరిగిన కొస మాత్రం మలుపు వెంట కండరం దాకా పోతుంది. డిగ్రీ జంతుశాస్త్రంలో ఈ నత్తను పైలా పేరుతో చదువుతారు. మొప్ప ఒకటి, ఊపిరితిత్తి ఒకటి అంటూ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు. గుల్ల ఎటు తిరిగిందో పరీక్షలో అడగరు కాబట్టి ఎవరూ చూడరు. కొంగకు రోజూ అదే పరీక్ష.

తినేవాడి దవడ తిండి మెలికను బట్టి పక్కకు ఒరగడం ఈ ఒక్క కొంగతో ఆగలేదు. జపాన్ దక్షిణ దీవుల్లో నత్తల్ని తినే ఒక పాముకు కింది దవడలో ఎడమవైపు కన్నా కుడివైపు పళ్లు ఎక్కువ. కుడిచుట్టు నత్తను అవలీలగా లాగేస్తుంది. ఎడమచుట్టు నత్త ఎదురైతే తడబడి తరచూ వదిలేస్తుంది. అలా బతికి బట్టకట్టిన ఎడమచుట్టు నత్తలు ఆ పాము ఉన్నచోటే ఎక్కువగా వర్ధిల్లాయని జపాన్ పరిశోధకులు చూపించారు. మన పైలాల్లో కుడిచుట్టు తప్ప మరొకటి నేను చూడలేదు. పొలాల్లో తిరిగేవాళ్లకు నోరు ఎడమపక్కన ఉన్న గుల్ల దొరికితే ఫొటో తీసి పంపండి.