అమ్మమ్మ బిళ్ళకి ఇంద్రధనుస్సు పట్టింది

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ రెండు ఫోటోలు పంపారు. "మా అమ్మమ్మగారి రాణి రూపాయలండి, రెండిటి మీదా 1862 అని ఉంది. ఒకదాన్ని ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండుతో, విభూతితో తోమి కలశం దగ్గర పెడతాం. తళతళలాడుతుంది. రెండోది పెట్టె అడుగున ఉండిపోయి రంగులు తేలింది. విజయవాడ వన్ టౌన్‌లో పాత నాణేలు కొనే ఆయన తెల్లదానికి వెండి ధర కడతానన్నాడు, రంగుల దానికి అంతకు మూడు రెట్లు ఇస్తానన్నాడు. ఇదేం లెక్క? మోసమా?"

మోసం కాదమ్మా. పైగా ఆయన తెలిసినవాడిలాగే ఉన్నాడు.

ముందు చిన్న సంగతి. విక్టోరియా రాణి బొమ్మున్న ఈ రూపాయల మీద 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే కొట్టారని కాదు. 1874 దాకా టంకశాలల్లో అదే సంవత్సరంతో రూపాయలు కొట్టుకుంటూ పోయారు. బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. నూటికి 91.7 వంతులు వెండి, మిగతాది రాగి.

వెండి నల్లబడటానికి కారణం గాలిలో ఉండే గంధకం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తగిలి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. మురిక్కాలువ, కోడిగుడ్డు సొన, రబ్బరు బ్యాండు, కొన్ని రకాల అట్టలు, ఏది దగ్గరగా ఉన్నా చాలు. కాలి పట్టీలు నల్లబడితే దిష్టి తగిలిందనీ, ఒంట్లో వేడి చేసిందనీ అనేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. దిష్టి తీసే ముందు ఆ పట్టీల పెట్టెలో రబ్బరు బ్యాండు ఉందేమో చూడమంటాను నేను.

నల్లబడటం సరే, రంగులెక్కడివి? నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇదే. సిల్వర్ సల్ఫైడ్‌లో నీలమూ లేదు, గులాబీ రంగూ లేదు. ఆ పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు. మన వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. బిళ్ళ మీద పడ్డ వెలుగులో కొంత ఆ పొర పైనుంచే వెనక్కి వస్తుంది. మిగతాది లోపలికి దూరి, కింది వెండిని తాకి, కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. ఆటంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

అట్లతద్ది ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఒకే చెట్టుకి పొట్టి తాళ్ళ ఉయ్యాల, మధ్యరకం, పొడుగు తాళ్ళ ఉయ్యాల కట్టారనుకోండి. పొట్టిది గబగబా ఊగుతుంది, పొడుగుది తాపీగా ఊగుతుంది. పొట్టిది నీలం, మధ్యది ఆకుపచ్చ, పొడుగుది ఎరుపు. ప్రతి ఉయ్యాలనీ ఊపడానికి ఇద్దరేసి. మొదటివాడు పొర పైనుంచి వచ్చిన వెలుగు, రెండోవాడు వెండిని తాకి వచ్చిన వెలుగు. పొర లేనప్పుడు ఇద్దరూ ఒకేసారి తోస్తారు. ఉయ్యాలలన్నీ జోరుగా ఊగుతాయి, అన్ని రంగులూ కలిసి బిళ్ళ తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు పొర కాస్త పెరిగింది, రెండోవాడు కొంచెం ఆలస్యమయ్యాడు. ఆ కొంచెం ఆలస్యం పొడుగు ఉయ్యాలకి లెక్కే కాదు. పొట్టిదానికి మాత్రం అది సగం ఊపు: ఉయ్యాల ఎదురొచ్చే సమయానికి వీడు తోస్తాడు, అది ఆగిపోతుంది. నీలం పోయింది. తెలుపులోంచి నీలం తీసేస్తే మిగిలేది పసుపు. అందుకే ఏ వెండి బిళ్ళకైనా మొదట పట్టేది లేత బంగారు రంగు. పొర ఇంకాస్త పెరిగితే మధ్య ఉయ్యాల ఆగుతుంది. ఆకుపచ్చ పోయి నీలమూ ఎరుపూ మిగులుతాయి, బిళ్ళ గులాబీ వంగపండు కలిసినట్టు కనిపిస్తుంది. ఇంకా పెరిగితే పొడుగుది ఆగుతుంది, బిళ్ళ నీలమవుతుంది. ఈలోగా పొట్టి ఉయ్యాల దగ్గర ఆలస్యం సగం నుంచి పూర్తి ఊపు దాకా పెరిగింది, ఇద్దరి తోపూ మళ్ళీ కలిసింది! అలా అన్నీ కాసేపు ఊగి బిళ్ళ వెలిసిపోయినట్టు ఉంటుంది. తర్వాత రెండో విడత: మళ్ళీ పసుపు, మళ్ళీ గులాబీ, ఈసారి చివర్లో ఆకుపచ్చ. ఆ పైన పొర వెలుగునే మింగేస్తుంది. మిగిలేది నలుపు.

పోలికకి ఒక లోటుంది. ఇద్దరి బలమూ సమానం కాదు కాబట్టి ఏ ఉయ్యాలా పూర్తిగా నిలిచిపోదు, మందగిస్తుంది అంతే. వానలో రోడ్డు మీద పెట్రోలు మరకకీ, సబ్బు బుడగకీ కారణం ఇదే. ఇంటర్‌లో న్యూటన్ వలయాలని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాం కానీ, ఇంట్లో బిళ్ళ తీసి చూడండ్రా అని చెప్పినవాళ్ళు లేరు. ఉడికిన గుడ్డు సొనతో పాటు పాత పట్టీ ఒకటి డబ్బాలో పెట్టి మూత బిగించండి. గంటకోసారి చూస్తే వరస మీకే తెలుస్తుంది. నాణెంతో మాత్రం వద్దు.

ఇక తోమిన బిళ్ళ సంగతి. అచ్చు దెబ్బకి లోహం మధ్య నుంచి అంచుకి పారుతుంది. ఆ పారకంలో కంటికి ఆనని గీతలు పడతాయి. కొత్త బిళ్ళని దీపం కింద తిప్పితే బండిచక్రం ఆకుల్లా వెలుగు తిరిగేది ఆ గీతల వల్లే. విభూతితో రుద్దితే అవి అరిగిపోయి, వాటి చోట రుద్దిన దిక్కున సన్నటి గాట్లు పడతాయి. మీ ఫోటోలో రాణి బుగ్గ మీద అవి స్పష్టంగా ఉన్నాయి. రుద్దకుండా థయోయూరియా, ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచి తీసే పద్ధతీ ఉంది, దాన్ని డిప్ అంటారు. నల్లపొర కరుగుతుంది, దానిలో చిక్కుకున్న వెండీ పోతుంది. ఒకసారైతే కనిపెట్టడం కష్టం. నాలుగుసార్లు ముంచితే చక్రం తిరగదు, బిళ్ళ సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

గ్రేడింగ్, అంటే బిళ్ళ ఎంత బాగుందో చూసి మార్కులేయడం గురించి పొట్టిగా చెబుతాను, నాకు అందులో అంత రుచి లేదు. విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల (చిల్లర నాణేల) కోసం 1 నుంచి 70 దాకా కొలబద్ద పెట్టాడు. 70 మార్కుల బిళ్ళ 1 మార్కు బిళ్ళకి డెబ్భై రెట్లు పలకాలని అతని లెక్క. ధరల లెక్క ఎప్పుడో తప్పింది, మార్కులు మిగిలాయి. చలామణిలోకి రాని బిళ్ళలకి 60 నుంచి 70 దాకా. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చి బిళ్ళలని ప్లాస్టిక్ పెట్టెల్లో సీలు చేయడం మొదలెట్టాయి. తోమిన బిళ్ళకి మామూలు మార్కు ఇవ్వరు, 'క్లీన్డ్' అని రాసి పక్కన పెడతారు. ఒకప్పుడు అమెరికాలో తెల్లటి బిళ్ళల మీదే మోజు, లెక్కలేనన్నిటిని డిప్ చేసి పాడుచేశారు. ఇప్పుడు రంగుల మోజు. ఎన్నడూ తోమని తెల్ల బిళ్ళ దొరికితే నేను రంగులదాన్ని వదిలి దాన్నే తీసుకుంటాను. నూట యాభై ఏళ్ళ వెండి తెల్లగా ఉందంటే ముందు అనుమానించే తీసుకుంటాను.

మోజున్న చోట దొంగ రంగులూ ఉంటాయి. గంధకం మందులు పూస్తారు, పొయ్యి మీద కాలుస్తారు. వాళ్ళని పట్టించేది మన ఉయ్యాలల వరసే. తెలుపు పక్కనే ముదురు నీలం ఉండి, నడుమ బంగారు రంగు, గులాబీ లేవంటే ఆలోచించాలి. పొర మందం సున్నా నుంచి నీలానికి చేరాలంటే ఆ రెండిటినీ దాటాల్సిందే.

మీ రంగుల బిళ్ళలో ఆ వరస తప్పలేదు. పై అంచున కంటి ఆకారంలో తెల్లటి భాగం ఉంది చూశారా? దాన్ని ఒరుసుకుని సన్నటి బంగారు చార, తర్వాత గులాబీ, తర్వాత నీలం. ఏళ్ళ తరబడి ఆ చోట గాలి తగలకుండా ఇంకో బిళ్ళ కప్పి ఉంది. ఆ వంపు సుమారు 30 మిల్లీమీటర్ల గుండ్రానిది, అంటే మరో రూపాయిది. మీ కలశం దగ్గరి బిళ్ళని దాని మీద మెల్లగా ఆనించి చూడండి. రుద్దకండి.