రిటైరైన గూఢచారి పగబడితే సైబర్ దొంగలు దొరుకుతారా? అపోహలు - వాస్తవాలు

ఇంటెలిజెన్స్‌లో చేసి, ఆఖరి కొన్నేళ్లు సైబర్ కేసులు చూసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఆ వెధవ ఎక్కడున్నాడో పట్టుకుని నాలుగు తగిలించలేవా?" అంతా సినిమాల పుణ్యం. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి, "అరెస్ట్ చేశాం, కదలొద్దు" అని డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ మోసంలో మా బావగారికే 9 లక్షలు పోయినప్పుడు నాకూ రక్తం ఉడికింది. రోజంతా వీడియో కాల్ ముందు కూర్చోబెట్టారు, బాత్రూంకి వెళ్లాలన్నా వాణ్ణి పర్మిషన్ అడిగారట. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

అపోహ: నంబర్ ఉంటే మనిషి దొరికినట్టే.
వాస్తవం: సిమ్ ఒకడి పేరు మీద ఉంటుంది, డబ్బు పడ్డ ఖాతా ఇంకొకడిది. దాన్ని మ్యూల్ ఖాతా అంటాం. సర్వీసులో ఉండగా అలాంటి ఒక ఖాతాదారు ఇంటికి ఊగిపోతూ వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసింది, చేతులకి శనగపిండి. కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి 5 వేలకు ఎవడికో ఇచ్చేశాడు. ఆ ఖాతాలోంచి ఎంత దాటిపోయిందో చెబితే నమ్మలేక అంకె మళ్లీ చెప్పమన్నాడు. వీణ్ణి కొట్టి ఏం లాభం? (కేసు మాత్రం తప్పలేదు.)

అపోహ: అవతల మాట్లాడేవాడే అసలు దొంగ.
వాస్తవం: ఫోన్ మోసాలకి పేరుపడ్డ జార్ఖండ్‌లోని జామ్‌తారా రోజుల్లో చాలావరకు అంతే. ఇప్పుడు కంబోడియా, మయన్మార్‌లలో ఈ మోసాల కోసమే పెద్ద పెద్ద కాంపౌండ్‌లు నడుస్తున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటుకి డబ్బు కట్టి అక్కడికి వెళ్లాక, పాస్‌పోర్టు లాక్కుని బలవంతంగా ఈ పని చేయించిన కేసు 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు, అందులో ఉన్నది మన కుర్రాళ్లే.

అపోహ: వాడి కంప్యూటర్‌లోకి మనమే దూరితే సరి.
వాస్తవం: ఐటీ చట్టం 66వ సెక్షన్‌కి మీ పగతో పని లేదు. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. రిటైరయ్యాక నాకూ అంతే.

అపోహ: అన్నీ తెలిసినవాళ్లు పడరు.
వాస్తవం: స్కామర్ల బండారం బయటపెట్టే జిమ్ బ్రౌనింగ్ అనే బ్రిటన్ యూట్యూబర్, 2021లో ఒక స్కామర్‌ని యూట్యూబ్ సపోర్ట్ అనుకుని తన ఛానెల్ తనే డిలీట్ చేసుకున్నాడు. ఇక మనమెంత?

అపోహ: పోయిన డబ్బు పోయినట్టే.
వాస్తవం: వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు డబ్బు పడ్డ బ్యాంకుకి చేరితే ఖాతాలో ఇంకా ఎంతుంటే అంత హోల్డ్‌లో పెడతారు, అక్కణ్ణుంచి దాటిపోయి ఉంటే తర్వాతి బ్యాంకుకి సమాచారం వెళ్తుంది. ఈ పరుగులో మొదటి గంటకి ఉన్న విలువ మరుసటి రోజుకి ఉండదు. వాడికి నిజంగా నొప్పి పుట్టేది ఇక్కడే, తన్నులతో కాదు. మా బావగారు పరువు పోతుందని రెండు రోజులు అక్కకి కూడా చెప్పలేదు, ఆగింది 41 వేలే.

ఆ 41 వేలు తిరిగివ్వమని కోర్టు ఆర్డర్ వచ్చిన వారానికి ఆయనకి ఇంకో కాల్: "మీ మిగతా డబ్బు రికవరీ చేయిస్తాం సార్, ముందు ఫీజు కట్టండి." బావగారు ఏమీ అనకుండా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను "చెప్పండి" అనేసరికి పెట్టేశాడు. ఆ నంబర్‌ని ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో మోసపు కాల్స్ మీద ఫిర్యాదు చేసే చక్షు విభాగంలో ఎక్కించి, ఇద్దరం టీ తాగాం.