క్రౌడ్‌ఫండింగ్ గ్యాడ్జెట్లు ఎందుకు ఆలస్యమవుతాయి? అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్‌కి సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేస్తుంటాను. అందుకే కాబోలు, ఇంజినీరింగ్ పిల్లల దగ్గర్నుంచి రుషికొండ ఐటీ ఉద్యోగుల దాకా చాలామంది నన్ను ఒకే మాట అడుగుతారు: "ఫలానా గ్యాడ్జెట్‌కి డబ్బు కట్టాం సార్, చెప్పిన తేదీ దాటి ఏడాదైంది. వస్తుందంటారా?" క్రౌడ్‌ఫండింగ్ అంటే ఇంకా తయారవని వస్తువుకి చాలామంది జనం ముందే డబ్బు పోగుచేసి ఇవ్వడం. అలా వాళ్ళు కట్టింది కష్టార్జితం, తేలిగ్గా సమాధానం చెప్పి పంపించేది కాదు. ఆలస్యమైన ప్రాజెక్టు వేరు, ఆగిపోయిన ప్రాజెక్టు వేరు. బయటి నుంచి చూసేవాళ్ళు కూడా ఆ తేడా చాలావరకు పసిగట్టవచ్చు.

అపోహ: డబ్బు కట్టాను కాబట్టి వస్తువు కొన్నట్టే.

వాస్తవం: ఇంకా పుట్టని వస్తువుని ఎవరూ కొనలేరు. దాని తయారీకి మీరు ముందుగా సాయం చేశారు, అంతే. తమది దుకాణం కాదని, ఇలాంటి ప్రాజెక్టులకు డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్ 2012 సెప్టెంబరులోనే బాహాటంగా ప్రకటించింది. హార్డ్‌వేర్ ప్రాజెక్టుల్లో నిజమైన వస్తువులా కనిపించే, కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు పెట్టకూడదన్న నియమం కూడా అప్పుడే తెచ్చింది. కిక్‌స్టార్టర్ 5 శాతం రుసుము తీసుకుంటుంది, కానీ ఒప్పందం మాత్రం మీకూ ప్రాజెక్టు పెట్టినవాళ్ళకూ మధ్యే. పేజీలో కనిపించే డెలివరీ నెల కేవలం అంచనా.

అపోహ: వీడియోలో చక్కగా పనిచేస్తోంది, ఇక తయారు చేయడమే మిగిలింది.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. ఎక్కువమంది నమ్మేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఈ అపోహే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వీడియోలో కనిపించే ముక్కను ఒక ఇంజినీరు చేత్తో సోల్డర్ చేసి, 3డీ ప్రింటర్‌తో డబ్బా తీసి, రాత్రంతా కూర్చుని పనిచేయించి ఉంటాడు. అలాంటివి ఐదు చేయొచ్చు. ఐదు వేలు కావాలంటే ప్లాస్టిక్ డబ్బాకి స్టీల్ మోల్డ్ (అచ్చు) చేయించాలి. మొదటి నమూనాలు రావడానికే చాలాసార్లు ఒకటిన్నర, రెండు నెలలు పడుతుంది. వచ్చిన నమూనాలో మూత సరిగ్గా కూర్చోదు, స్క్రూ పెట్టేచోట ఉపరితలం గుంట పడుతుంది. మోల్డ్‌లోంచి స్టీలు తీసేయడం తేలిక, తీసిన స్టీలు తిరిగి చేర్చడం చాలా కష్టం. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మొదట ఎక్కువ స్టీలు ఉంచి, కొంచెం కొంచెంగా తీస్తూ సరిచేస్తారు. ప్రతి సవరణకీ వారాలు పోతాయి.

ఇక బోర్డు సంగతి. ఐదు వేల బోర్డుల్లో 2 శాతం పనిచేయకపోతే వంద బోర్డులు ఒక్కొక్కటిగా విప్పి కారణం వెతకాలి. కారణం ఒక చిప్ అయితే, ఆ చిప్ మార్చినప్పుడు బోర్డు లేఔట్ మారుతుంది, ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) మారుతుంది, పరీక్షలు మళ్ళీ మొదటికొస్తాయి. 2020 నుంచి 2022 దాకా చిప్‌ల కొరతలో ఏం జరిగిందో మా రంగంలో అందరికీ గుర్తే. కొన్ని మైక్రోకంట్రోలర్లకు (వస్తువుని నడిపే చిప్‌లకు) ఏడాదికి పైగా ఆగమన్నారు. పెద్ద కంపెనీలకే దొరకనిది వెయ్యి ముక్కలు కొనే చిన్న జట్టుకి ఎవరిస్తారు?

ఆపైన ధ్రువీకరణలు. వైర్‌లెస్ వస్తువైతే అమెరికాకి ఎఫ్‌సీసీ ధ్రువీకరణ, యూరప్‌కి సీఈ గుర్తు కావాలి. లిథియం బ్యాటరీ ఉంటే రవాణాకి ముందు యూఎన్ 38.3 పరీక్ష: ఎత్తు, వేడి, కంపనం, షార్ట్ సర్క్యూట్ అన్నీ తట్టుకోవాలి. మన విశాఖలో మెడ్‌టెక్ జోన్‌లో ఉన్నటువంటి ఈఎంసీ ల్యాబ్‌కి (విద్యుదయస్కాంత జోక్యాన్ని పరీక్షించే చోటికి) ఒక వస్తువు తీసుకెళ్ళి, మొదటిసారే పాసై వస్తే ఆ జట్టు అదృష్టవంతులు. జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో చైనా కొత్త సంవత్సరం వస్తే, మనవాళ్ళు సంక్రాంతికి ఊళ్ళెళ్ళినట్టే అక్కడి ఫ్యాక్టరీలన్నీ ఖాళీ. వెళ్ళిన కార్మికులందరూ తిరిగి రారు, కొత్తవాళ్ళకి మళ్ళీ నేర్పాలి.

2013లో సీఎస్‌టీ-01 అనే చేతిగడియారం కిక్‌స్టార్టర్‌లో పది లక్షల డాలర్లు దాటింది. మందం 0.8 మిల్లీమీటర్లు! నమూనా నిజంగానే ఉంది. కానీ అంత పల్చటి వస్తువుని వేల సంఖ్యలో తీయడం సాధ్యం కాలేదు, కంపెనీ దివాలా తీసింది. వాళ్ళు మోసగాళ్ళని నేననను. నమూనాకీ ఉత్పత్తికీ మధ్య ఎంత దూరం ఉందో వాళ్ళకే అంచనా లేదు.

అపోహ: కోట్లు వసూలైన ప్రాజెక్టు ఆగదు.

వాస్తవం: 2014లో కూలెస్ట్ కూలర్ అనే ఐస్‌పెట్టెకి 62 వేల మందికి పైగా కలిసి సుమారు 1.3 కోట్ల డాలర్లు ఇచ్చారు. తయారీ ఖర్చు బ్యాకర్ల (డబ్బు కట్టినవాళ్ళ) దగ్గర తీసుకున్న ధరని మించిపోయింది. 2019 డిసెంబరులో కంపెనీ మూతపడేనాటికి దాదాపు 20 వేల మందికి కూలర్ అందలేదు. ముక్క మీద నష్టం వస్తుంటే, ఎక్కువమంది చేరేకొద్దీ ఆ నష్టమే పెరుగుతుంది. జానో డ్రోన్ కథా అంతే. 23 లక్షల పౌండ్లు వచ్చాక కూడా 2015లో కంపెనీ కుప్పకూలింది. అందుకే "లక్ష్యానికి ఇరవై రెట్లు" అని గొప్పగా రాసిన పేజీ చూస్తే నాకు ధైర్యం రాదు, దిగులేస్తుంది.

అపోహ: ఆలస్యమైందంటే మోసమే.

వాస్తవం: హార్డ్‌వేర్‌లో ఆలస్యం మామూలు. పెబుల్ వాచీ 2012లో కోటి డాలర్లు దాటి వసూలు చేసి, సెప్టెంబరులో ఇస్తామని 2013 జనవరిలో పంపడం మొదలుపెట్టింది. వాచీ బాగుంది. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఈథన్ మోలిక్ పరిశోధనలో డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టుల్లో నాలుగింట మూడొంతులకు పైగా ఆలస్యమైనవే. అసలు ఇవ్వకుండా పోయినవి కిక్‌స్టార్టర్ మొత్తం మీద 9 శాతమని ఆయనే 2015లో తేల్చారు.

మరి తేడా పట్టుకోవడం ఎలా? వాళ్ళు పంపే అప్‌డేట్లు చదవండి. "మోల్డ్ రెండో నమూనాలో బటన్ గట్టిగా ఉంది, ఈ ఫొటో చూడండి, సవరణకి మూడు వారాలు" అన్న జట్టు పనిలో ఉన్నట్టే, తేదీ నాలుగోసారి వాయిదా పడినా సరే. ఫొటో లేదు, ఫ్యాక్టరీ ఊసు లేదు, ఏ భాగం ఆగిందో చెప్పరు, పైగా మొదటిది అందకముందే రెండో గ్యాడ్జెట్‌కి డబ్బు అడుగుతున్నారంటే ఆశ తగ్గించుకోండి. డబ్బు కట్టకముందైతే నేను చూసేది ఒక్కటే: ఆ జట్టులో ఎవరైనా ఇదివరకు వెయ్యి ముక్కలు తయారుచేసి జనానికి చేర్చారా? చేర్చినా పూర్తి హామీ లేదు. అదే పెబుల్ 2016 డిసెంబరులో మూతపడి టైమ్ 2 అనే వాచీని రద్దు చేసింది, కాకపోతే బ్యాకర్ల డబ్బు తిరిగొచ్చింది.

అపోహ: రాకపోతే బ్యాంకు డబ్బు వెనక్కిప్పిస్తుంది.

వాస్తవం: కార్డు వివాదాలకు గడువుంటుంది, సాధారణంగా 120 రోజులు. రెండేళ్ళు ఓపిక పట్టి వెళితే తలుపు మూసి ఉండవచ్చు. గడువులోపలే బ్యాంకుని అడగండి.

అపోహ: షిప్పింగ్ మొదలైందంటే ఇక చింత లేదు.

వాస్తవం: మన దేశానికి వచ్చేసరికి కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ), కొరియర్ ఛార్జీ కలుస్తాయి. కేవైసీ పత్రాలు అడుగుతారు. విదేశీ డ్రోన్ అయితే అసలు ఆలోచనే వద్దు, 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. పెట్టె విప్పగానే బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. నెలల తరబడి గోదాములో ఛార్జి లేకుండా పడున్న లిథియం సెల్ పాడై ఉండవచ్చు. తయారీదారు సర్వర్ లేకుండా యాప్ పనిచేస్తుందో లేదో మొదటి వారంలోనే పరీక్షించండి. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్ళవాళ్ళకి మరో మాట. బోర్డు మీద రక్షణ పూత లేని వస్తువుని కిటికీ దగ్గర పెడితే ఉప్పుగాలికి కనెక్టర్లకు ఆకుపచ్చ తుప్పు పడుతుంది. వారంటీ కోసం అమెరికా పంపాలంటే పార్సిల్ ఖర్చే వస్తువు ధరకి దగ్గరవుతుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టుకోండి.