చిన్న జలవిద్యుత్ ఆనకట్టల భద్రత: అపోహలు - వాస్తవాలు

చిన్న జలవిద్యుత్ కేంద్రాల్లో ఆనకట్టల నిర్వహణ చూడటం నా పని. టర్బైన్ చప్పుడు కాస్త మారితే చాలు, పవర్‌హౌస్‌లో అందరూ పరుగెత్తుకొస్తారు. కట్ట వెలుపలి వాలు మీద మాత్రం నెలల తరబడి ఎవరి అడుగూ పడదు. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ వాలు మీదే మొదలయ్యాయి. అందుకే తరచూ నా చెవిన పడే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: చిన్న కట్టే కదా, తెగినా పెద్ద నష్టం ఉండదు.

వాస్తవం: ఒక ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు ఉంటాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ ఆనకట్ట ఎత్తు సుమారు 12 మీటర్లే. ఒకప్పుడు దాని కింద చిన్న విద్యుత్ కేంద్రం నడిచేది. 1957లో ఉత్పత్తి ఆపేశారు, నీళ్లు మాత్రం కట్ట వెనుక అలాగే నిలిచి ఉన్నాయి. 1977 నవంబరు 6న వానలు పడుతున్న రాత్రి, దిగువన కాలేజీ ప్రాంగణంలో జనం నిద్రలో ఉండగా గండి పడింది. 39 మంది చనిపోయారు. కట్ట ఎంత ఎత్తుందో అడిగేవాళ్లు, దిగువన ఎన్ని ఇళ్లున్నాయో ముందు అడగాలి.

అపోహ: ఊట కనిపిస్తే కట్ట పోయినట్టే. ఊట లేకపోతే భయం లేదు.

వాస్తవం: ఏ మట్టికట్టలోనైనా కొంత ఊట ఉంటుంది. ఆ నీరు మట్టిని వెంట తీసుకుపోకుండా బయటపడేందుకే లోపల ఇసుక, కంకర పొరలు వేస్తారు. ఎంత వస్తోంది, ఎక్కడ వస్తోంది, తేటగా ఉందా లేదా అన్నదే మాకు ముఖ్యం.

కట్ట పాదం దగ్గరి కాలువలో వి ఆకారపు గాడి కోసిన పలక ఒకటి నిలబెడతాం. గాడిలో నీరు ఎంత ఎత్తున పారుతోందో కొలిస్తే ఊట ఎంతో తెలుస్తుంది. పొద్దున్నే ఆ కొలత, జలాశయం మట్టం, పడిన వాన, మూడూ ఒకే వరుసలో రాసుకుంటాం. ఊట కొలత ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. తర్వాత ఊటనీటిని గాజు సీసాలో పట్టి కదపకుండా పక్కన పెడతాం. సాయంత్రానికి సీసా అడుగున సన్నటి మట్టి పేరుకుంటే, నీరు కట్ట లోపల బుంగ తవ్వుకుంటోందేమోనని గట్టిగా అనుమానించాలి. జలాశయం మట్టం, వాన పెరగకుండా ఊట పెరిగినా, ఎప్పుడూ వచ్చే ఊట ఉన్నట్టుండి ఆగిపోయినా అంతే. ఆగిన నీరు లోపలే ఒత్తిడి పెంచుతుంది, లేదా మరోచోట దారి వెతుక్కుంటుంది.

బురదనీరు కనపడగానే బంకమట్టి తెచ్చి ఆ నోరు మూసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ముందు ఇసుక, దాని మీద కంకర పోయాలి. నీటి ఉరవడికి ఇసుక నిలవకపోతే ముందు పెద్ద రాళ్లు వేసి దాన్ని తగ్గించుకోవాలి. ఈలోపే ఇంజినీరుకు, దిగువ ఊళ్లకు కబురు వెళ్లాలి. ఎందుకంటే చేతిలో ఉండే సమయం చాలా తక్కువ. 1976 జూన్ 5న అమెరికాలోని ఐడాహోలో టీటన్ ఆనకట్ట దగ్గర ఉదయం బురద ఊట చూశారు. 90 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కట్ట మధ్యాహ్నం కాకముందే తెగిపోయింది.

అపోహ: చెట్లు పెంచితే వేళ్లు కట్టను పట్టి ఉంచుతాయి.

వాస్తవం: పొట్టి గడ్డి పట్టి ఉంచుతుంది, చెట్టు కాదు. గాలివానకు చెట్టు కూలితే వేళ్లతోపాటు కట్ట మట్టి పెళ్లగిల్లుతుంది. చచ్చిన వేరు కుళ్లిపోతే ఆ ఖాళీ నీటికి గొట్టమవుతుంది. పైగా పొదలుంటే ఎలుక బొరియలూ చెమ్మా కంటపడవు.

అపోహ: గేట్లున్నాయి, మోటార్లున్నాయి, వరదొస్తే ఎత్తేస్తాం.

వాస్తవం: ఒక కేంద్రంలో వానాకాలానికి ముందు గేటు ఎత్తి చూపించమన్నాను. రెండేళ్లుగా దాన్ని కదిపినవాళ్లు లేరు. మీట నొక్కితే మోటారు మూలిగింది, ఇనుప తాడు బిగుసుకుంది, గేటు అంగుళం కూడా కదల్లేదు. వెంటనే ఆపించాను. గేటు వెనుక పూడిక గట్టిపడి ఉంది, రబ్బరు సీలు చట్రానికి అతుక్కుపోయింది. ఇది వరద రోజున బయటపడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇంకో సంగతి కూడా ఉంది. గాలివానకు కరెంటు లైను ట్రిప్పయితే యూనిట్, అంటే టర్బైన్, దాంతో తిరిగే జనరేటర్, ఆగిపోతుంది. అప్పటిదాకా టర్బైన్ గుండా పోయే నీరు కూడా జలాశయంలోనే నిలుస్తుంది. గేటు ఎత్తడానికి కరెంటు కావాల్సింది సరిగ్గా అప్పుడే, అది ఉండనిదీ అప్పుడే. కాబట్టి డీజిల్ జనరేటర్‌తో ఒకసారి, చేత్తో తిప్పి ఒకసారి గేటు ఎత్తి చూడందే వానాకాలానికి సిద్ధమయ్యామని నేను సంతకం పెట్టను.

అపోహ: అలుగు మీద పలకలు పెట్టి ఒక అడుగు నీరు ఎక్కువ నిలిపితే కరెంటు ఎక్కువొస్తుంది, నష్టమేముంది?

వాస్తవం: కరెంటు పెరిగే మాట నిజమే. కానీ నీటిమట్టానికీ కట్ట తలకూ మధ్య వదిలిన జాగా వరద కోసం ఉంచింది, ఆ అడుగు అందులోంచే పోతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే కోత మొదలై కొన్ని గంటల్లోనే గండి పడొచ్చు.

అపోహ: నీటిమట్టం సెన్సర్ చూసుకుంటుంది.

వాస్తవం: 2005 డిసెంబరులో అమెరికాలోని మిస్సోరీలో టామ్ సాక్ విద్యుత్ కేంద్రంలో, కింది నీటిని పంపులతో తోడి నింపే ఎగువ జలాశయంలో సెన్సర్లు బిగింపు ఊడి మట్టాన్ని తక్కువగా చూపించాయి. పంపులు ఆగలేదు, నీరు పొర్లి కట్ట తెగింది. గోడ మీద రంగుతో గీసిన స్కేలును రోజూ కళ్లతో చదవాలి.

అపోహ: అనుమానం రాగానే జలాశయాన్ని గబగబా ఖాళీ చేసేయాలి.

వాస్తవం: గండి పడబోతుంటే వేరే దారి లేదు. మిగతా సందర్భాల్లో ఇంజినీరు చెప్పిన వేగంతోనే దించాలి. నీరు త్వరగా దిగిపోతే, లోపల తడిసి బరువెక్కిన మట్టికి ఎదురు ఆసరా పోయి నీటివైపు వాలు జారిపోవచ్చు.

అపోహ: దిగువన ప్రమాదం గండి పడితేనే.

వాస్తవం: యూనిట్ మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే కింద మోకాలి లోతు నీరు నడుము దాకా రావచ్చు. స్నానానికో, గాలం వేయడానికో దిగినవాళ్లకు అది తెలియదు. మా దగ్గర సైరన్ మోగించాక వెంటనే నీరు వదలం. ఒక మనిషి నది వెంట కిందికి నడిచి వెళ్లి, రాళ్ల మీద, నీళ్లలో ఎవరూ లేరని చూసి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వచ్చాకే యూనిట్‌కు నీరు.